ఉల్లిపొర రంగు

జులై 6, శనివారం

పదకొండు చీరలూ వెనక్కి వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, పదకొండు. పులివెందుల అన్నపూర్ణమ్మ తన కూతురి నిశ్చితార్థానికి ఆడపడుచులకు పెట్టడానికి తీసుకున్న ఉల్లిపొర రంగు చీరలు. వాట్సాప్‌లో నేను పంపిన ఫోటో చూసి, నాలుగు రోజులు ఆలోచించి, ఇంటిల్లిపాదినీ ఒప్పించి తీసుకుంది. ఈరోజు కారులోంచి మూట దించి, కౌంటరు మీద ఒకటి విప్పి, పక్కన తన ఫోను పెట్టింది.

"ఇది ఏం రంగు చెప్పు గంగాధరం."

"ఉల్లిపొరమ్మా."

"ఫోన్లో ఉండేది ఉల్లిపొర. ఇది గులాబీ. నా కండ్లకు ఆపరేషన్ అయ్యి ఆరు నెలలు కూడా కాలా. కొత్త కండ్లు నాయి."

అంగట్లో ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్లూ వంగి చూశారు. చూసి ఏమీ అనలేదు. అదే ఎక్కువ మండింది. ఏదైనా అని ఉంటే తిరిగి ఏదైనా అనేవాణ్ని.

చీర చూశాను, ఫోను చూశాను. ఆమె చెప్పింది నిజమే. ఫోటోలో ఎండిన ఉల్లిపొట్టు రంగు. చీర మాత్రం చిన్నపిల్లల పావడాలాగా గులాబీ కొడుతోంది. నోరు మూసుకుని మూట లోపలికి తీసుకున్నాను.

ఈ ఫైలుకు ‘పాత స్టాకు’ అని పేరు పెట్టాను. ఆ పేరున్నదాన్ని మా ఇంట్లోగానీ అంగట్లోగానీ ఎవరూ తెరవరు. కౌంటరు దగ్గర అరవలేను. ఇంట్లో అరిస్తే నా భార్య కవిత తిరిగి అరుస్తుంది. ఇక్కడ ఎదురు చెప్పేవాళ్లు లేరు. నాకు కోపమేమీ లేదు. రాసుకుంటున్నానంతే.

జులై 8, సోమవారం

ఇంకో మూడు వచ్చాయి. దువ్వూరు నుంచి ఒకామె, ఊళ్లోవాళ్లు ఇద్దరు. అన్నీ ఉల్లిపొరే, అందరిదీ అదే మాట. ఫోటో ఒకటి, చీర ఒకటి.

వంకాయ రంగు, నెమలికంఠం, మెరూన్ ఒక్కటీ తిరిగి రాలేదు. తేలిక రంగులే వస్తున్నాయి. తేలిక రంగులన్నీ నాకు నేసేది ఒకే మగ్గం, జమ్మలమడుగు రామసుబ్బయ్య మామది. దారానికి రంగు వేసేది ఆయన భార్య ఓబమ్మత్త. మా నాయన కాలం నుంచి మాకు నేస్తున్నారు. బంధువులేమీ కాదు, పిలుపులు మాత్రం అవే.

ఇందులో తెలియనిది ఏముంది. మొదట ఒక మంచి చీర శాంపిల్‌గా ఇచ్చారు. దాన్ని నేను వెనక గదిలో స్టాండుకు వేసి ఫోటో తీశాను. తరువాత కంప్యూటర్లో, చీర పక్కనే పెట్టుకుని, చీర ఎలా ఉందో స్క్రీన్ మీద ఫోటో అలాగే కనిపించేదాకా దిద్దాను. ఎంత ఓపికగా దిద్దానో నాకే తెలుసు. ఆ తరువాత వచ్చిన సరుకులో గులాబీ ఎక్కువ కలిపారు. తేలిక రంగుల్లో మోసం చేయడం సులభం.

కవిత అడిగింది. "ఆ శాంపిలూ ఈ వాపసొచ్చిన చీరా పక్కపక్కన పెట్టి చూడరాదా?"

"నాకు చెప్పొద్దు. ఇరవై రెండేండ్లుగా గుడ్డలు అమ్ముతాండా."

"చెప్పలా. అడిగినా."

శాంపిల్ వెనక గదిలో ఉంది. వాపసు మూట ముందర కౌంటరు కింద ఉంది. ఆ బరువు ఎవరు మోస్తారు. అవసరం కూడా లేదు.

వెనక గదిలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మే నెలలో గోడలకు రంగు వేయించినప్పటి నుంచి ఇక్కడ కంటికి చల్లగా ఉంటోంది. ఉత్తరం గది కుబేరస్థానం, చిలకపచ్చ వేస్తే కలిసొస్తుందని వాస్తు చూసినాయన చెప్పాడు. నాలుగు గోడలకూ వేయించాను. కలిసొచ్చేదాన్ని ఇలాంటివాళ్లు చెడగొడుతున్నారు.

జులై 9, మంగళవారం

పొద్దున్నే బండి మీద జమ్మలమడుగు పోయాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. అక్కడ చెప్పినవి వేరే మాటలు. అయినా చెప్పింది తప్పు కాదు.

ఓబమ్మత్త పెరట్లో పొయ్యి మీద రంగు కాగు పెట్టుకుని ఉంది. చేతులు మోచేతుల దాకా మెంతిరంగు.

"కూచో అప్పా, టీ పెడతా."

కూర్చోలేదు. వెంట తెచ్చిన వాపసు చీర విసిరాను. ఇది నా ఫైలు కాబట్టి రాస్తున్నాను. చేతికి ఇవ్వలేదు, విసిరాను. ఆమె ఒళ్లో పడింది. చుట్టుపక్కల మగ్గాలవాళ్లు ఆరేడు మంది పని ఆపి వచ్చి నిలబడ్డారు.

"గులాబీ పొడి ఎవురిదన్నా మిగిలిపోతే మాకు కలిపినారా?"

"ఏంది అంటాండావు?"

"శాంపిల్ ఒకటి, సరుకు ఇంకోటి. మోసం అంటాండా. మా నాయన కాలం నుంచి ఇట్లా ఎన్ని చేసినారో."

ఆమె చీర తీసుకుని గడప దగ్గరికి పోయింది. ఆ గడప పక్కన గోడకు ఒక చీల ఉంటుంది. కాగులోంచి దారం తీసిన ప్రతిసారీ ఆమె అందులో జానెడు తుంచి, ముడి వేసి, ఏ అంగడిది, ఏ తేదీది అని చీటీ చుట్టి ఆ చీలకు వేస్తుంది. చిన్నప్పుడు నాయనతో వచ్చి ఆ ముడులతో ఆడుకునేవాణ్ని. మా పేరున్న ముడి ఒకటి వెతికి, చీర మీద పెట్టి, గడప నీడలోకి పట్టింది.

"మొదటి కాగుది ఇది. నీ శాంపిల్ దీంతోనే నేసింది. ఇప్పుడు చీర చూడు. ఎంటికంత తేడా ఉంటే నా చెయ్యి నరుకు."

నేను చూడలేదు. "నా దగ్గర కంప్యూటర్లో ఫోటో ఉండాది" అన్నాను.

"నీ డబ్బా ఎట్ల చూపిస్తే అట్ల నమ్మి, నా రంగును తిడతాండావా?"

"డబ్బా అబద్ధం చెప్తాదా?"

"చెప్పదని నీకు ఎవురు చెప్పినారు?"

నిలబడ్డవాళ్లలో ఒకడు నవ్వాడు. నాకు ఒళ్లంతా మంట.

"డబ్బా సరిగ్గా ఉండాదో లేదో చెప్పే మెషిన్లు ఉండాయి. తెప్పిస్తా. అది చెప్పినాక మాట్లాడతా."

రామసుబ్బయ్య మామ మగ్గం గుంతలోంచి లేవలేదు. అక్కడి నుంచే అన్నాడు. "గంగాధరం, మీ నాయన ఈ ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచలా. నీళ్లు తాగి పో అప్పా."

తాగలేదు. తిరిగి వచ్చి బండి దిగకముందే మా బట్టల వ్యాపారుల గ్రూపులో పెట్టాను.

"జమ్మలమడుగు రామసుబ్బయ్య మగ్గం సరుకుతో జాగ్రత్త. శాంపిల్ ఒక రంగు, సరుకు ఇంకో రంగు. నేను మోసపోయాను. మీరు మోసపోవద్దు."

అర నిమిషం కూడా పట్టలేదు. నేను టైపు చేయడంలో ఫాస్టు.

జులై 10, బుధవారం

గ్రూపులో నూట పన్నెండు మంది చూశారు. మంచిదే.

జులై 12, శుక్రవారం

గౌస్ మొహిద్దీన్ ప్రెస్‌కు పోయాను. శ్రావణమాసానికి చీరల బుక్కు అచ్చు వేయాల్సింది ఆయనే. పెళ్లి ఆల్బములూ, బుక్కులూ వేసి వేసి రంగుల మీద పట్టున్న మనిషి. పైగా నన్ను ఎగతాళి చేయడానికి పుట్టినవాడు.

మానిటర్ రంగు కొలిచే మెషిన్ కావాలని చెప్పాను.

"ఎన్నేండ్లాయ మామా ఈ మానిటర్ కొని?"

"ఐదేండ్లు."

"ఐదేండ్ల నుంచి దాన్ని ఎప్పుడన్నా కొలిచినావా?"

"బాగానే కనపడతాంది కదా, ఎందుకు కొలవాల?"

"మీ అంగట్లో గజం బద్ద కూడా బాగానే కనపడతాది. అయినా తూనికల ఆఫీసులో ముద్ర వేయించుకుంటాండారు కదా."

మెషిన్ అంటే ఏమిటో చూపించాడు. మౌసంత ఉంటుంది. స్క్రీన్ మీద వేలాడదీస్తే, కంప్యూటర్ వరసగా రంగులు చూపిస్తుంది, ఇది ఒక్కొక్కటీ చదువుతుంది. ఎరుపు ఎంత ఎక్కువుందో, నీలం ఎంత తక్కువుందో తేల్చి, స్క్రీన్‌ను సరిచేసే ఫైలు ఒకటి తయారుచేసి పెడుతుంది.

రకాలు మూడు. మొదటిది చౌక, స్క్రీన్ మాత్రం కొలుస్తుంది. రెండోదానికి వీపు మీద ఇంకో కన్ను ఉంటుంది, అది గదిలో వెలుతురు కూడా కొలుస్తుంది. మూడోది కాగితం మీద అచ్చయిన రంగును కూడా చదువుతుంది. దాని ధరకు నడిచే కండిషన్లో బండి వస్తుంది.

"మూడోది నీకొద్దు మామా. పేపరు నాది, ఇంకు నాది, దాని ఫైలు నేనిస్తా. నువ్వు రెండోది తీసుకో."

"మొదటిది చాలదా?"

"గదిలో లైటు కొలిచే కన్ను దానికి ల్యా."

"గదితో నాకేం పని? నాకు స్క్రీనుతో పని."

"అట్లయితే మొదటిదే కొనుక్కో పో. నన్నెందుకు అడగతాండావు?"

ఏమీ తేల్చకుండా వచ్చేశాను. అందరికీ నోరు ఎక్కువైంది.

జులై 15, సోమవారం

మూడు రోజులుగా వీడియోలు చూస్తున్నాను. ఒకడు మొదటిది చాలంటాడు. ఒకడు మొదటిది కొనేవాడు మూర్ఖుడంటాడు. ఇంకొకడు అసలు నీ మానిటరే పనికిరాదు, ముందు దాన్ని పారేయమంటాడు. అన్నీ చూశాక ఆ ముగ్గురినీ వాపసు మూటలో కట్టి ఎక్కడికైనా పంపాలనిపించింది.

మధ్యాహ్నం గ్రూపులోని మెయిన్ బజారు రాజశేఖర్ ఫోన్ చేశాడు.

"మంచి పని చేసినావు మామా. నేను కూడా జమ్మలమడుగు వాళ్లది నిలిపేసినా. శ్రావణానికి నలభై చీరలు చెప్పింటి. మైదుకూరు వాళ్లు కూడా వద్దన్నారంట."

నలభై. ఆ ఇంట్లో ఉండేది ఒక్క మగ్గం. రెండు నెలలుగా ఆ నలభై కోసమే దారానికి రంగు వేసి పెట్టుకుని ఉంటారు.

నేను నిలిపేయమని ఎవరికీ చెప్పలేదు. జాగ్రత్త అన్నాను. రెండూ వేరు.

జులై 18, గురువారం

ఆర్డరు పెట్టాను. రెండోది. గంగాధరం చౌక మెషిన్ కొని మాట్లాడుతున్నాడని రేపు ఎవరూ అనకూడదు.

జులై 20, శనివారం

కవిత నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది. ఈరోజు పప్పులో ఉప్పు లేదు. నేను అడగలేదు. నాకు కోపమేమీ లేదు.

జులై 24, బుధవారం

వచ్చింది. నల్లగా, చేతిలో ఇమిడేంత. దీనికా అంత ధర.

అరగంట ముందు మానిటర్ వేసి వేడెక్కనివ్వమంది. ఇచ్చాను. కాంతి తగ్గించమంది. నేను ఐదేండ్లుగా నూటికి నూరు పెట్టుకుని చూస్తున్నాను, అది సగానికి పైగా దించింది. తరువాత ‘గదిలో వెలుతురు కొలవాలా’ అని అడిగింది. కొలవాలంటే మెషిన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి కొంచెంసేపు ఊరుకోవాలట. నా కొట్లాట గదితో కాదు. స్కిప్ నొక్కాను.

ఎరుపు, పచ్చ, నీలం, బూడిద, ఒకదాని వెనక ఒకటి. పది నిమిషాలు. చివర్లో ముందు, తరువాత అని రెండు బొమ్మలు చూపించింది. నిజం చెప్పాలంటే నా మానిటర్ కొంచెం నీలం తిరిగి ఉంది. సరిచేసింది. పచ్చటి టిక్కు పెట్టి, మీ డిస్‌ప్లే సిద్ధం అంది.

ఉల్లిపొర శాంపిల్ చీర తీసి స్క్రీన్ పక్కన పట్టాను. ఫోటో మళ్లీ తెరిచి, చీరను చూస్తూ ఇంకొంచెం దిద్దాను. ఇప్పుడు చీరకూ ఫోటోకూ ఎక్కడ తేడా. పిండి జల్లెడ పట్టినట్టు వెతికినా లేదు.

అంటే ఏమైంది. నా డబ్బాది తప్పు కాదు. ఉన్న కాస్త తప్పూ మెషినే తీసేసింది. ఇక మిగిలింది ఎవరి తప్పు.

ఐదేండ్ల తరువాత మొదటిసారి నిజం చూస్తున్నాను. ఎంత హాయిగా ఉందో, ఎంత కోపంగా ఉందో. అదే, హాయిగా ఉంది.

జులై 26, శుక్రవారం

గౌస్ శాంపిల్ పేజీ అచ్చు వేశాడు. వేసి, ముఖం అదోలా పెట్టాడు.

"మామా, ఇది ఉల్లిపొర కాదు. ఉల్లిగడ్డకు బూజు పట్టినట్టుండాది."

"నీ ప్రింటర్ తప్పు. దానికి కూడా మెషిన్ పెట్టు."

"నా ప్రింటర్ నీ ఫైల్లో ఉండేదే గీస్తాది. నీ ఫైల్లోనే పచ్చ ఉండాది."

"నా స్క్రీన్ మీద పచ్చ లేదు. కొలిచి చెప్తాండా."

"గది కొలిచినావా?"

పేజీ చింపి వచ్చేశాను. నాలుగు మెషిన్లు పెట్టుకున్నంత మాత్రాన అందరూ మేధావులే. బుక్కు ఆగిపోయింది. శ్రావణం పది రోజుల్లో ఉంది.

జులై 29, సోమవారం

ఓబమ్మత్త అంగడికి వచ్చింది. రేపు రాస్తాను.

జులై 30, మంగళవారం

నిన్న ఉదయం తొమ్మిదిన్నర. బస్సు దిగి నడిచి వచ్చింది. చేతిసంచీ ఒకటే. కవిత కుర్చీ వేసింది, ఆమె కూర్చోలేదు.

"నీ మెషిన్ వచ్చిందంట గదా. గౌసు చెప్పినాడు. సూపియ్యి."

గర్వంగా వెనక గదికి తీసుకుపోయాను. టిక్కు చూపించాను, ముందు, తరువాత బొమ్మలు చూపించాను. ఆమె సంచీలోంచి చీటీ చుట్టిన ముడి తీసి, స్క్రీన్ మీద ఫోటో పక్కన పట్టింది. అచ్చం సరిపోయింది.

"చూసినావా అత్తా. మొదటి కాగు రంగు ఇది. సరుకే వేరే."

ఆమె ముడిని తిప్పి చూసింది. "ముడి నాదే. రంగు నాది కాదు" అంది.

అని బయటికి నడిచింది. అంగడి గడప మీద, షట్టరు నీడలో నిలబడి పిలిచింది. "రా అప్పా."

ఆమె అరచేతిలో ముడి గులాబీ. అన్నపూర్ణమ్మ తెచ్చి పడేసిన చీరలో ఉన్న గులాబీయే.

అప్పుడు నేనన్న మాట కూడా ఇక్కడే రాయాలి. "ఇంకో ముడి తీసినావు" అన్నాను.

రోడ్డు మీద అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, ముడి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు నా చేతే మూయించింది. ఆమె గోళ్ల సందుల్లో ఇంకా మెంతిరంగు ఉంది.

"నువ్వే తీసుకుపో. నువ్వే తీసుకురా. నేను ఈడనే నిలబడతా."

పోయాను. గదిలో పిడికిలి తెరిచాను, ఎండిన పొట్టు. గడప దగ్గర తెరిచాను, గులాబీ. మళ్లీ పోయాను, మళ్లీ వచ్చాను. మూడుసార్లు తిరిగాను. మూడోసారి వచ్చేసరికి కవిత కౌంటరు మీద రెండు చీరలు పరిచి ఉంది. వెనక గదిలోని శాంపిల్ ఒకటి, వాపసొచ్చింది ఒకటి. ఏది ఏదో చెప్పలేకపోయాను. మూడు వారాల కిందట ఆమె చేయమన్నది అదే. ఇరవై అడుగులు మోయాల్సిన బరువు.

ఓబమ్మత్త మళ్లీ లోపలికి వచ్చి, తన అరచేయి తిప్పి చూసుకుంది, స్టాండు మీది తెల్లగుడ్డ చూసింది, గోడలు చూసింది.

"ఇది ఎప్పుడు పూసినావు?"

"మే నెలలో."

"రంగేసేవాళ్ల ఇండ్లల్లో గోడలు ఎప్పుడన్నా చూసినావా? సున్నం తప్ప ఏందీ పూయం. పూస్తే ప్రతి దారమూ అబద్ధం చెప్తాది."

గది గోడల పచ్చదనం చీర మీద పడుతోంది. ఆ పచ్చ పడ్డ చీరను చూసి నేను ఫోటోను దిద్దుతున్నాను. స్క్రీన్‌కు ఆ జబ్బు లేదు, దాని వెలుతురు దానిదే. మెషిన్ దాన్ని మాత్రమే కొలిచింది. నేను అంతే కొలవమన్నాను.

"అత్తా, రాజశేఖర్‌కు ఫోన్ చేసి నేను చెప్తా" అన్నాను.

"ఎవురెవురికని చెప్తావు? యాడ రాసినావో ఆడనే రాయి."

ముడి నా చేతిలోనే వదిలేసి పోయింది. టీ కూడా తాగలేదు. ఆరోజు నేను వాళ్లింట్లో నీళ్లు తాగలేదు కదా.

జులై 31, బుధవారం

మెషిన్ మళ్లీ పెట్టాను. వెల్లకిలా పెట్టి, ఈసారి గది కొలవమన్నాను. పది సెకన్లు. గదిలో వెలుతురు రంగు తిరిగి ఉంది, ఇక్కడ రంగులు చూసి నిర్ణయించవద్దు అని చెప్పింది. పసుపు అక్షరాలతో, ఎంతో మర్యాదగా.

పది సెకన్లు. మొదటిరోజే అరిచి చెప్పాల్సింది. అంత ధర పెట్టి కొన్న వస్తువుకు స్కిప్ అనే బటన్ ఎవడు పెట్టమన్నాడు.

ఆగస్టు 1, గురువారం

గ్రూపులో పెట్టడానికి రాసినవి:

"మిత్రులకు మనవి. సాంకేతిక కారణాల వల్ల కొన్ని రంగుల్లో తేడా కనిపించినట్టు తెలిసింది." కనిపించినట్టు తెలిసిందట. ఎవరికి. కొట్టేశాను.

"రామసుబ్బయ్య మగ్గం విషయంలో ఇరువైపులా కొంత అపార్థం జరిగింది." ఇరువైపులా లేదు. కొట్టేశాను.

"వాస్తు చెప్పినాయన మాట విని." కొట్టేశాను.

అర నిమిషంలో రాసిన నాలుగు ముక్కలు వెనక్కి తీసుకోవడానికి రెండు గంటలుగా కూర్చున్నాను.

ఆగస్టు 2, శుక్రవారం

పెట్టలేదు. నూట పన్నెండు మంది నవ్వుతారు. శ్రావణం అయ్యాక పెడతాను.

ఆగస్టు 4, ఆదివారం

నేనే బ్రష్ పట్టి గదికి సున్నం కొట్టాను. వాస్తు చూసినాయన దారిన పోతూ తొంగి చూసి, కుబేరుడు కదిలిపోతాడని చెప్పాడు. కదిలిపోయేటప్పుడు నిన్ను కూడా తీసుకుపోమని చెప్తానన్నాను. ఈ నెలలో సరైన మనిషి మీద అరిచింది ఇదొక్కసారే. అది కూడా పూర్తిగా సరి కాదు. చిలకపచ్చ ఇంకో కోటింగు వేయమని పెయింటర్‌కు చెప్పింది నేనే.

కవిత వాకిలి దగ్గర నిలబడి చూసింది. పదిహేను రోజుల తరువాత మాట్లాడింది.

"గోడకు సున్నం కొట్టినావు, సరే. ఆమె మొగాన కొట్టిన మసి?"

బ్రష్ బకెట్లో పడేశాను. కవిత మీద కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో రాస్తే ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఆగస్టు 5, సోమవారం

ఉదయం తొమ్మిదికి పెట్టాను.

"జమ్మలమడుగు రామసుబ్బయ్య మగ్గం గురించి జులై 9న నేను రాసింది అబద్ధం. శాంపిలూ సరుకూ ఒకే రంగు. నా వెనక గదికి పచ్చ రంగు వేయించి, ఆ గదిలో చూసి ఫోటో దిద్దాను. తప్పు నాది. ఓబమ్మ గారి రంగులో తప్పు లేదు. నా మాట విని ఆర్డరు నిలిపినవాళ్లు మళ్లీ ఇవ్వండి. గంగాధరం."

మొదటి జవాబు, ఎవరో పూలబొమ్మతో శ్రావణమాస శుభాకాంక్షలు. తరువాత నవ్వే బొమ్మలు పదకొండు. రాజశేఖర్ ఫోన్ చేసి, "ఇప్పుడు చెప్తే ఎట్ల మామా, నేను ఆ నలభై వేరేవాళ్లకు చెప్పేసినా" అన్నాడు. అరిచాను. అతను కూడా అరిచాడు, "నువ్వు రాస్తేనే కదా" అన్నాడు. అవును, నేను రాస్తేనే.

అన్నపూర్ణమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "గోడను చూసి మనిషిని తిట్టినావా?" అంది. చీరలు మాత్రం మళ్లీ తీసుకోనంది. ఆమెకు కావాల్సింది ఉల్లిపొరే. నేను చూపించిన ఆ రంగు లోకంలో ఎక్కడా లేదు, నా గదిలో తప్ప.

ఆగస్టు 7, బుధవారం

ఉల్లిపొర చీర మళ్లీ ఫోటో తీసి, తెల్లగదిలో దిద్ది, గౌస్ దగ్గర అచ్చు వేయించాను. పైన చీర, కింద గ్రూపులో పెట్టిన మాటలు. గౌస్ పేజీ తీసి చూసి ఎగతాళి చేయలేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

జమ్మలమడుగు పోయేసరికి మధ్యాహ్నం మూడు. పేజీ ఇచ్చాను. ఈసారి చేతికి ఇచ్చాను.

ఓబమ్మత్త చదవలేదు. నేరుగా గడప దగ్గరికి పోయింది. చీల మీద ముడులు వరసగా ఉన్నాయి, మా పేరున్నవి మాత్రం లేవు. నేను తెచ్చిన ముడి అడిగి తీసుకుని, అచ్చులోని చీర మీద పెట్టి, నీడలో అటూ ఇటూ తిప్పింది.

"రంగు సరే. కింద ఏంది రాసినావు?"

"గ్రూపులో పెట్టింది అత్తా."

"ఆ పొద్దు విన్నోళ్లు ఎవురూ మీ గ్రూపులో లేరు. ఉండు."

వీధిలోకి పోయి ఆరేడు మందినీ పిలుచుకొచ్చింది. ఆరోజు నవ్వినవాడు కూడా వచ్చాడు.

"ఇప్పుడు చదువు."

చదివాను. అబద్ధం అనేచోట ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎవరూ నవ్వలేదు. చీర విసిరిన సంగతి ఆ కాగితంలో లేదు. అది నోటితో చెప్పాను.

మగ్గం గుంతలోంచి రామసుబ్బయ్య మామ అన్నాడు. "గంగాధరం, ఆ మెషిన్లల్లో నోటికి తగిలిచ్చేది కూడా వస్తే చెప్పప్పా. మన తట్టు శానామందికి కావాల."

అప్పుడు నవ్వారు. ఓబమ్మత్త కూడా. నేను చివర నవ్వాను.

మగ్గం మీద ఉన్న చీర నాది కాదు. చెన్నూరు నుంచి ఎవరో చెప్పారట, రాజశేఖర్ వద్దన్న దారం వాళ్లకు పోతోంది. రాజశేఖర్ ఇచ్చేదానికంటే తక్కువకు. నాకెప్పుడు నేస్తారని అడిగాను.

"కార్తీకం దాకా ఖాళీ లేదు. అప్పటికి అడుగు. నేస్తామని చెప్పలా, అడగమన్నా."

టీ పెట్టింది. తాగాను. ముడి చీలకు వేస్తుందని చూస్తూ ఉన్నాను. వేయలేదు. నా చేతికి ఇచ్చింది.

"నీ డబ్బాకు కట్టుకో."

ఆగస్టు 24, శనివారం

మానిటర్ మూలకు ముడి కట్టి ఉంది.

మెషిన్ నెలకోసారి గుర్తుచేస్తుంది. ఈరోజు అడిగింది, గదిలో వెలుతురు కొలవాలా అని. కొలవమన్నాను. పది సెకన్లు ఊరుకున్నాను. కొలిచింది. బాగుందంది, టిక్కు పెట్టింది.

మానిటర్ నుంచి ముడి విప్పుకుని గడప దాకా పోయి చూసి వచ్చాను.